ఆఖరివాడి కోసం చేవెళ్లకు

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మొయినాబాద్ దగ్గర నా స్నేహితుడు దేవదానం పడిపోవడం నేను చూశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికే ఇన్నేళ్లకు, పొద్దున ఏడింటికి మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను.

ఖాళీ కూరగాయల గంపతో ఊరికి తిరిగిపోతున్న అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది.

"జర జరుగు కొడుకా. నా గంపకు గూడ టికెట్ తీస్కున్న. నీ కాళ్లకు తీస్కున్నవా?"

చుట్టూ నవ్వారు. కాళ్లు ముడుచుకున్నాను.

కాలేజీలు మూతపడి బస్సులు నిలిచిన ఆ రోజుల్లో, మేం నలుగురం చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా సరదాకి పరుగెత్తేవాళ్లం. పందెం లేదు. ఒకటే కట్టుబాటు: ముందు చేరినవాడు అక్కడి మైలురాయిని ముట్టుకుని, వెనక్కి పరుగెత్తి, ఆఖరివాణ్ణి వెంటబెట్టుకు రావాలి. ఆఖరివాడు ఎప్పుడూ దేవదానమే.

"నేను లేకుంటే మీకు రెండో ఉరుకుడు యాడిదిరా!" అనేవాడు.

ఆ రోజు ముందు చేరింది నేను. మిగతా ఇద్దరినీ రాయి దగ్గర ఉంచి వెనక్కి వచ్చాను. పోలీసులు రోడ్డు మీది గుంపును తరుముతున్నారు. పరుగెత్తుతున్న దేవదానం కూడా గుంపులోవాడే అనుకున్నారు. లాఠీ వాడి మోకాలి మీద పడింది. నేను జొన్నచేలోకి దూరాను. తర్వాత మిత్రులు అడిగితే, "వాడు నడుమనే ఇంటికి మళ్లిండు" అన్నాను. అందుకే ఎవరూ వెతకలేదు. పొద్దుగూకాక ఎవరో బండివాడు వాణ్ణి దవాఖానకు చేర్చాడు. ఆపైన మేం కలిసి పరుగెత్తలేదు.

తొమ్మిది కాకముందే చేవెళ్లలో దిగి, చాయ్ తాగి, చర్చి వెనక వీధికి నడిచాను. దేవదానం గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్నాడు.

"శంకరమా! గిదేం పొట్టరా? ఇగ ఆఖరోడివి నువ్వే!"

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాడు. రొట్టె తుంచుతూ వాడే అన్నాడు: "ఆ దినం శానసేపు రోడ్డు దిక్కే చూసిన. మీల ఒక్కడన్న వస్తడనుకున్న."

మధ్యాహ్నం బస్సు దాకా సాగనంపుతానని బయల్దేరాడు, కుడికాలు ఈడ్చుకుంటూ. తలవంచుకుని నడుస్తూ నేను ముందే బస్సు చేరాను. తిరిగి చూస్తే వాడు ఎక్కడో వెనక ఉన్నాడు.

"వస్తవా, రావా?" కండక్టర్ కేకేశాడు.

బస్సును పోనిచ్చి వెనక్కి నడిచాను. వాడి చెయ్యి పట్టుకున్నాను.

"దానం, నువ్వు పడ్డది నేను చూసిన. భయపడి దాక్కున్న. మనోళ్లిద్దరు రాకుండ అబద్ధం చెప్పింది గూడ నేనే. నిన్ను తీస్కపోనీకి రావాల్సినోణ్ణి, రాలే. మాఫ్ చెయ్యిరా."