ఒక్క శాతం కోత

దేశ రాజధానిలో, ముఖర్జీ నగర్‌లోని నా జిరాక్స్ దుకాణంలో ఒక మూల బ్యాంక్ మిత్ర కౌంటరు ఉంది. బ్యాంకు తరఫున ఖాతాలు తెరిపించడం, ఫారాలు నింపడం, చిన్న మొత్తాలు జమ చేయడం అక్కడ నా పని. నేను చదివింది పదో తరగతే. వడ్డీ లెక్కలు మాత్రం పాత పాస్‌బుక్కులు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను.

అప్పన్నది శ్రీకాకుళం వైపు. ఇక్కడ సివిల్స్‌కు చదివే మన తెలుగు పిల్లల మెస్సులో వంట చేసేవాడు. సంపాదన చేతిలో నిలవడం లేదని వాపోతే, నేనే నెలనెలా కొంత కట్టించాను. పోగైన లక్షన్నరను 2023 ఫిబ్రవరిలో రెండేళ్ల ఎఫ్‌డీ చేయించాను. ఎఫ్‌డీ అంటే ఇంత గడువుకు ఇంత వడ్డీ అని మాట్లాడుకుని బ్యాంకులో ఉంచే డబ్బు. రసీదు చేతికిస్తూ, "గడువు దాకా దీన్ని మర్చిపో. ముట్టుకుంటే నష్టం," అన్నాను.

"మా మెస్సులో కలెక్టర్లవబోయేవోళ్ల దగ్గర కూడా ఇలాటి కాయితం నేదు బావూ," అని నవ్వాడు.

2024 నవంబరులో మళ్లీ వచ్చాడు. "బావూ, గడువు ఫిబ్రవరేనా?"

"ఫిబ్రవరే. ఏం, ఊళ్లో స్థలం కొంటున్నావా?"

"ఏటీ నేదు. ఊరికే అడిగినాను."

జిరాక్స్ కోసం నలుగురు నిలబడి ఉన్నారు. "మర్చిపొమ్మన్నానుగా," అన్నాను తలెత్తకుండా. "ఠీక్ హై," అని వెళ్లిపోయాడు.

జనవరిలో చనిపోయాడు. పదిహేను రోజుల తర్వాత అతని భార్య పార్వతి ప్లాస్టిక్ కవరులో రసీదు పట్టుకొచ్చింది. దాంతోపాటు ఆస్పత్రి చీటీ. తేదీ నవంబరుదే. గుండె రక్తనాళం పూడింది, స్టెంటు వేయాలి, లక్షా ఇరవై వేలు.

"ఫిబ్రవరిలో వస్తానని డాక్టరమ్మకి సెప్పినాడు బావూ. మజ్జిలో తీస్తే డబ్బులు పోతాయని మీరన్నారంట," అంది. ఆ గొంతులో నింద లేదు.

కాలిక్యులేటరు తీశాను. గడువుకు ముందే మూసేస్తే ఆ బ్యాంకు పెనాల్టీగా వడ్డీ రేటులో ఒక శాతం తగ్గిస్తుంది. ఏడు బదులు ఆరు. నవంబరులో తీసి ఉంటే, ఇరవై ఒక్క నెలలకు తేడా 2,891 రూపాయలు. అసలులో పైసా పోదు. దాని మీద పదహారు వేల చిల్లర వడ్డీ కూడా వచ్చేది.

"ఇప్పుడు తీస్తే కోత పడతాదా బావూ?"

"పడదమ్మా. ఖాతాదారు పోతే పెనాల్టీ ఉండదు."

పార్వతి తలూపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది.

నేను అప్పన్నకు దాచుకోవడం నేర్పాను, తీసుకోవడం నేర్పలేదు. ఇప్పుడు ప్రతి ఎఫ్‌డీ రసీదు జిరాక్సు వెనక, మధ్యలో తీస్తే ఎంత పోతుందో ఆ అంకె తెలుగులో రాసిస్తున్నాను. గడువు ఎప్పుడని ఎవరైనా అడిగితే, మిషను ఆపి, ఎందుకని అడుగుతున్నాను.