టీవీ పెట్టని ఇంట్లో మలేషియా ఆట

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మెల్లగా చెప్తాను. మలేషియాలో మా ఊరు సుంగై పెటానిలో మా మావయ్య పోయిన ఎనిమిదో రోజున మలేషియా జట్టు ఫుట్‌బాల్ ఆట ఉంది. గెలిస్తేనే ఆసియా పోటీకి పోతారు. మా ఇంట్లో కర్మ అయ్యేదాకా టీవీ పెట్టం. అత్త దాని మీద దుప్పటి కప్పేసింది. మావయ్య ఆత్మ నిమ్మళంగా వెళ్ళిపోవాలని ఆవిడ బెంగ.

"ఫోన్లో సూస్తానమ్మా" అన్నాడు మా మరిది.

"మీ నాన్న ఇంకా గడప దాటనేదు, నీకు ఆట కావలసొచ్చిందేటి?" అంది అత్త.

సాయంత్రం అందరం హాల్లోనే ఉన్నాం. మావయ్య గదిలోంచి మూడు చప్పట్లు వినపడినాయి. గోల్ పడితే ఆయన అలాగే కొట్టేవారు. గదిలో ఎవరూ లేరు. కాసేపటికి పక్కింటి టీవీ దగ్గర 'గోల్' అని కేకలు లేచినాయి.

అత్త మొహం పాలిపోయింది. "ఆట సూడకుండా ఈయన కదలరు. నేనే కట్టి పడేసినాను" అని దుప్పటి లాగేసి, "పెట్టు లా" అని ఇక్కడి మలేషియా యాసలో అంది మరిదితో.

మలేషియా గెలిచింది. అత్త వీధి తలుపు తీసి, "గెలిచినారు కదా, ఇంక బయల్దేరండి" అని పక్కకి జరిగి దారిచ్చింది. గాలి లేదు. నా చేతిని చల్లగా ఏదో రాసుకుని పోయింది.

మీ గడప చల్లగుండాలి, మీ పెద్దలకి ఏ కోరికా మిగలకుండా ఉండాలి.