వనపర్తిలో మేం పిల్లల్లేని దంపతులం

సెల్‌ఫోన్లను మిస్డ్ కాల్స్ ఇవ్వడానికే వాడుకునే ఆ కాలంలో, నాకు బుద్ధి కన్నా తెలివి ఎక్కువని ఒక నమ్మకం ఉండేది. వనపర్తిలో కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరి, అద్దె ఇంటి కోసం మూడు వారాలు తిరిగాను. మా పాపకు రెండున్నరేళ్లు. బజారు పక్కన చూస్తే గుమ్మం దిగగానే లారీలు, పాత ఊళ్లో చూస్తే మూతల్లేని మురికికాలువ. చివరికి ఊరి అంచున ఒక కొత్త కాలనీ దొరికింది. రద్దీ లేని మట్టిరోడ్డు, ఇంటి ఎదురుగా పిల్లలు ఆడుకునే ఖాళీ జాగా. మా పాప కోసమే వెలసిన కాలనీ అనుకున్నాను. ఇంటామె (అరవై దాటిన ఒంటరి మనిషి, పక్క వాటాలోనే ఉంటుంది) తాళం తీస్తూ, "కొత్తగ సున్నమేయించిన సారూ. చిన్నపిల్లలున్నరా? గోడలు ఖరాబ్ చేస్తరు" అంది. "లేరమ్మా" అన్నాను. (నోరు జారిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. జారలేదు, నేనే అన్నాను.)

పిల్లను నెల రోజులు మానవపాడులో అమ్మమ్మ దగ్గరుంచి, ఈలోగా ఇంటామెను మంచి చేసుకుని మెల్లగా చెబుదామని నా ఎత్తు. సంగతి తెలిశాక నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, అది ఇంకా ఘోరం. అంతలో ఇంటామె సోమశిల గుడికి పోయొచ్చి, నా భార్య చేతిలో ప్రసాదం పెట్టింది. "రంది పడకు బిడ్డా. నీ కడుపు పండేదాక సోమవారం సోమవారం ఒక్కపొద్దుంటనని మొక్కిన" అంది. ఒక్కపొద్దంటే ఉపవాసం. నా భార్య నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఇయ్యాలనే చెప్పు" అంది లోపలికొచ్చాక.

"వచ్చే సోమవారంలోపల చెప్త" అన్నాను. అట్లా మూడు సోమవారాలు గడిచాయి. ఇంటామె పస్తులుంది, నేను మూడు పూటలా తిన్నాను.

నాలుగో సోమవారం సాయంత్రం మా అత్త పాపను చంకనేసుకుని బస్సు దిగింది. తల్లి కోసం పిల్ల బెంగపెట్టుకుందట. గేటు దగ్గర ఇంటామె, "ఎవరి బిడ్డ సారూ?" అంది.

"మా అన్న బిడ్డమ్మా" అన్నాను. (నాకు అన్నలే లేరు.)

పాప చంక దిగి నా కాలు చుట్టేసుకుని "నాన్నా, ఎత్తుకో" అంది. మా అత్త నోరు తెరిచి, "గదేంది అల్లుడా, నీ బిడ్డనే గద!" అంది.

ఇంటామె వంగి పాపను తనే ఎత్తుకుంది. "గోడలదేముంది సారూ, మళ్ల సున్నమేసుకుంట. కన్నబిడ్డను లేదంటివి, ఆ మాటకేమేస్తవ్?" అంది. తర్వాత, బయటికొచ్చిన నా భార్య వైపు తిరిగి, "జర మంచినీళ్లియ్యి బిడ్డా, పొద్దుగాల్నుంచి ఏం తినలే" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను. అననే లేదు, అంటే కొంత బాగుండేది.

ఆ కుర్రపంతులు ఇప్పుడెక్కడైనా ఎదురైతే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది. ఈనాటికీ ఎవరైనా పిల్లలెంతమందని అడిగితే, నా భార్య చేస్తున్న పని ఆపి నా మొహం చూస్తుంది. "ఒక్క బిడ్డ!" అంటాను, అడిగినవాళ్లు ఉలిక్కిపడేంత గట్టిగా.