కూత పెట్టని కుక్కర్

మొన్న సాయంత్రం నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పంపింది మా తమ్ముడి కూతురు. హైదరాబాదులో ఉద్యోగం, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దె గది. ఫొటోలో ఒక పళ్లెం, అందులో గుప్పెడు వేయించిన శనగలు, నాలుగు కీర ముక్కలు, సగం జామకాయ, రెండు మురుకులు, మూలన కాస్త మామిడికాయ తొక్కు. కింద "అత్తమ్మా, ఈ పొద్దు నా రాత్రి భోజనం ఇదే" అని రాసింది. ఆ పిల్ల సంతోషంగానే పంపింది. నేను మాత్రం వేళ్లతో ఫొటోను పెద్దది చేసి పళ్లెం వెనకాల ఏముందో వెతికాను. గ్యాస్ పొయ్యి కనబడుతుందా, మందుబిళ్లల పట్టీ ఏదైనా ఉందా, పక్కన ఇంకో పళ్లెం ఉందా లేక ఒంటరిగా తింటోందా, అసలు ఫొటోలో ముఖం ఎందుకు లేదు. మా ఆయన పక్కనుంచి తొంగిచూసి, నీకు ఆసుపత్రిలో కాదు, పోలీసు స్టేషన్‌లో ఉద్యోగం రావలసింది అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఈ మాట అంటూనే ఉన్నాడు.

నేను వికారాబాద్‌లో ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. వార్డులో "తిన్న సిస్టర్" అన్న రోగి మాట నమ్మి ముందుకు పోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మంచం కింద వంగి చూస్తే ఇంటినుంచి వచ్చిన డబ్బా నిండుగా అలాగే ఉండేది. చూసీ చూసీ, ఎవరేం చెప్పినా ముందు మంచం కింద వంగి చూడటం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఆసుపత్రిలో ఉన్నంతకాలం మంచిదే. దాన్ని ఇంటికి, అందులోనూ తమ్ముడి ఇంటికి తీసుకుపోవడమే నేను చేసిన పొరపాటు. పన్నెండు పదమూడేళ్ల కిందటి మాట ఇది. ఆ ఫొటో చూస్తే అదే గుర్తొచ్చింది, గుర్తొచ్చి ఇప్పటికీ సిగ్గేసింది.

మా తమ్ముడు తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే కార్ఖానాలో మిషన్ నడిపేవాడు. ఇంటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా రాతి బురద ఎండి అట్ట కట్టి ఉండేది. మరదలి పుట్టినూరు పరిగి అవతలి దోమ. అప్పటికి వాళ్ల పెళ్లయి పన్నెండేళ్లు, ఒక్కతే కూతురు, ఐదో తరగతి. మరదలు నోట్లో నాలుక లేని మనిషి అని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. అలాంటివాళ్లంటేనే నాకు అనుమానం ఎక్కువ. ఒకరోజు తమ్ముడు ఫోన్‌లో ఆ మాటా ఈ మాటా చెబుతూ, "మా ఇంట్ల రాత్రి పొయ్యి అంటియ్యుడు బంద్ అయిందక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ మా వైపు పొయ్యి అంటించలేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. లేదా మొగుడూ పెళ్లాం మాటల్లేకుండా ఉన్నారని. మూడో అర్థం నేను పుట్టిన దగ్గరినుంచి వినలేదు.

మర్నాడు కావాలనే చీకటి పడే వేళకు ఫోన్ చేసి, మేనకోడలిని పిలిపించి, తిన్నవా బిడ్డా అని అడిగాను. "అన్నం తినలే అత్తమ్మా, పలారమే" అంది. మాకు తినడం అంటే అన్నమో జొన్నరొట్టో తినడమే. మిగతా ఏం తిన్నా, కడుపు పగిలేట్టు తిన్నా, అది తినడం కిందికి రాదు. ఇక పలారమంటే ఒక్కపొద్దులుండే ముసలమ్మలు రాత్రిపూట నోట్లో వేసుకునేది. పదేళ్ల పిల్ల నోట ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. మరదలికి ఫోన్ పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. తమ్ముడితో గొడవపడిందేమో అనుకున్నాను. ఒంట్లో బాగాలేక దాస్తోందేమో అని కూడా అనుకున్నాను గానీ, అది మంచి అనుమానం కనుక మనసులో ఎక్కువసేపు నిలవలేదు. మధ్యాహ్నం తను కడుపునిండా తిని రాత్రి వీళ్లకు మురుకులు పడేస్తోందన్న అనుమానం మాత్రం గట్టిగా నిలిచింది.

తమ్ముడి ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అవతల ఉండే పెద్దావిడను వాడకట్టంతా ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తుంది. ఒకప్పుడు ఆమె కంటి ఆపరేషన్‌కు వికారాబాద్ వస్తే నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆ చనువుతో ఆమెకు ఫోన్ చేసి, సాయంత్రాలు గోడవతల కుక్కర్ కూస్తుందో లేదో కాస్త చెవిపెట్టి వినమన్నాను. ఖాలా ఈ పనికి ఎంతో సంబరపడింది. రాత్రి ఇషా నమాజుకు ముందు రోజూ నాకు ఫోన్. "ఈ పొద్దు గూడ సీటీ లేదు బేటీ." నాలుగు రోజులు ఇదే కబురు. ఐదో రోజు ఆమెకు మనసాగలేదు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు అన్నం పంపడం మామూలే కదా, ఆమె కూడా డబ్బా నిండా ఖిచిడీ వండి, తలమీద కొంగు సర్దుకుని, కళ్లు తుడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లి, ఎవరు పోయారని మెల్లగా అడిగిందట. వాళ్లు ముగ్గురూ నేలమీద కూర్చుని ఉడకబెట్టిన కందికాయలు ఒలుచుకుంటున్నారట. ముందు బిత్తరపోయి, తర్వాత పడీ పడీ నవ్వి, ఆమెను కూడా కూర్చోబెట్టుకున్నారట. వాళ్లు బాగానే ఉన్నారు, మస్తు ఖుషీగా ఉన్నారు, ఫికర్ చెయ్యకు అని ఖాలా నాకు చెప్పింది. నేను నమ్మానా? దోసెడు కందికాయలకే మా మనిషి అటువైపు తిరిగిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత చేసిన పనే చేయకూడనిది. దోమలో ఉన్న మరదలి తల్లికి ఫోన్ చేశాను. మీ అమ్మాయి మా తమ్ముడికీ పిల్లకూ రాత్రిపూట అన్నం పెట్టడం లేదు, మీరే వచ్చి చూసుకోండి అన్నాను. ఆడబిడ్డ హోదా ఒకటి ఉంది కదా, ఆ గొంతుతోనే అన్నాను. పాపం ఆవిడ మర్నాడు పొద్దున్నే బస్సెక్కి తాండూరు వచ్చి, వాకిట్లోనే నలుగురూ వినేలా కూతుర్ని తిట్టిందట. కూడు పెట్టని ఆడదాన్ని కన్నానా అని ఏడ్చిందట. తమ్ముడు కార్ఖానాలో, పిల్ల బడిలో ఉన్న వేళ అది. మరదలు తల్లికి చాయ్ ఇచ్చి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని, తాళం ఖాలాకిచ్చి, తల్లితో కలిసి దోమకు వెళ్లిపోయింది. తమ్ముడు ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పాడు. ఆమె రానంటోంది, ఇప్పుడు నిజంగానే పొయ్యి అంటించే మనిషి లేదు అని.

నేను సెలవు పెట్టి మర్నాడే రైలెక్కాను. నిజం చెప్పాలంటే తప్పు చేశానని కాదు, చక్కబెట్టడానికని వెళ్లాను. సాయంత్రం వాళ్లింట్లో చిక్కుడుకాయ కూర, పప్పుచారు చేశాను. కుక్కర్‌లో అన్నానికి పెట్టి, మూడు చాలినా ఐదు కూతలు రానిచ్చాను, గోడవతలికి వినబడాలని. తమ్ముడికీ మేనకోడలికీ పీటలు వేసి పళ్లాలు పెట్టి వడ్డించాను. కూర కావాలా, చారు కావాలా అంటూ గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరూ తల వంచుకుని తింటున్నారు. కాసేపటికి మేనకోడలు తలెత్తి, "అత్తమ్మా, నువ్వు కూసోవా? అమ్మయితే మాతోనే కూసుంటది" అంది.

"నేను వడ్డియ్యాలె గద బిడ్డా" అన్నాను.

"గందుకే అమ్మ వండుడు బంద్ చేసింది."

గరిటె గిన్నెలో పెట్టి తమ్ముడి వైపు చూశాను. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి, "నేను నవ్వుకుంట చెప్పిన ముచ్చట నీకు ఏడ్పు లెక్క ఎట్ల వినొచ్చిందక్కా" అన్నాడు. ఇద్దరూ అవతలికి వెళ్లాక వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని మిగిలిన అన్నం తిన్నాను. జన్మంతా అలాగే తిన్నదాన్ని, ఆ సంగతి ఆ పూటే గమనించాను. అంతలో, ఇందాకటి కూతలు విని, మరదలు వచ్చేసిందేమోనని ఖాలా నమాజు కాగానే పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసి నీరసపడిపోయింది. ఆమెతో మాట్లాడాకే మిగతా సంగతి తెలిసింది. ఖాలా ఇంట్లో నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని, ఆడామగా అంతా ఒకేసారి కూర్చుని తింటారు. మరదలు ఒకసారి అది చూసి, మీరు వడ్డించక్కర్లేదా అని రెండుమూడు సార్లు అడిగిందట. ఆ చూసినదాన్నే గోడ ఇవతల తనకు వచ్చిన పద్ధతిలో చేసుకుంది. ఆ ఖాలానే నేను నిఘాకు పెట్టుకున్నాను. తాళం తీసుకునేటప్పుడు ఆ సంగతి కూడా మరదలికి చెప్పేసిందట.

మర్నాడు పొద్దున పరిగిలో బస్సు మారి దోమ వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. తీరా ఆ తల్లి నన్ను చూసి కంగారుగా మంచం వాల్చి, తన కూతురి తరఫున నాకే క్షమాపణ చెప్పబోయేసరికి నాకు ఏడుపొచ్చింది. తప్పు నాది, మీ అమ్మాయిది కాదు అని ఆమె ఎదుటే చెప్పాను. మరదలు వాకిట్లో కందులు చెరుగుతోంది. చేట ఆపలేదు, నా వైపు చూడలేదు. చెరిగినంతసేపు చెరిగి, ఆ తర్వాత నెమ్మదిగా మాట్లాడింది.

"పన్నెండేండ్లు వడ్డిచ్చిన వదినా. నా బిడ్డ ఏం ముచ్చట చెప్పుకుంట తింటదో నాకెర్క లేకుండె. వాళ్లు చేతులు కడుక్కున్నంక నేను కూసుంటుంటి. గా పలారం పళ్లెం నడుమల పెడితె నేను గూడ కూసుంట. గంతే. నీకు అనుమానమొస్తే నన్నడుగు. గోడనడగకు."

అడుగుతాను అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి, "వస్త. గని రాత్రికి అన్నం వండ" అంది. తల్లి ముఖం ఎర్రబడింది. వండొద్దు అని నేనే అన్నాను, ఆ తల్లికి వినబడేట్టు కాస్త గట్టిగానే అన్నాను.

ఆ సాయంత్రం తాండూరులో నలుగురం నేలమీద కూర్చున్నాం. మధ్యలో పెద్ద పళ్లెం. వేయించిన పల్లీలు, ఉల్లిగడ్డ వేసి కలిపిన అటుకులు, పొద్దుటి జొన్నరొట్టె ముక్కలు, కారప్పొడి, జామకాయ. మేనకోడలు బడి ముచ్చట్లు చెబుతూ అన్నిటికన్నా ముందు జామకాయ ఖాళీ చేసింది. నేను పాత అలవాటు కొద్దీ ఎవరికేం కావాలో చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది, మరదలు పల్లీల్లో మాడిన నల్లటి గింజలు ఏరుకుని తింటోంది. మంచివి మాకు వదిలి మాడినవి తను తింటోందని నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఈసారి అడిగాను. అవంటేనే ఇష్టం వదినా, చిన్నప్పటి నుంచీ ఇష్టం అంది. తమ్ముడు నిజమా అన్నట్టు ఆమె వైపు చూశాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ సంగతి వాడికీ అప్పుడే తెలిసింది.

మా అమ్మకు ఏమిష్టమో ఆ పూటే మొదటిసారి ఆలోచించాను. వంకాయా, చేపలా, పెరుగా, అడుగంటిన అన్నమా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు, ఈ రోజుకీ రాదు. మరిచిపోయి కాదు, చూడక. ప్రతివాళ్ల మంచం కిందా వంగి చూసిన ఈ కళ్లు, అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మ తింటుంటే ఒక్క పూట కూడా చూడలేదు.