గడ్డం మాటున దవడ

ఈ ఉదయం విజయనగరంలో మా ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నవాళ్లు, ఉన్నవి: బల్ల మీద రోగి, ఒక నర్సు, మత్తు డాక్టరుగా నేను, గొంతులో వేసే గొట్టాలు మూడు సైజుల్లో, చివర కెమెరా ఉన్న సన్నని స్కోపు, గొంతును మొద్దుబార్చే స్ప్రే. నర్సు స్ప్రే మూత తీయగానే ముగ్గిన అరటిపండు వాసన వచ్చింది. ఆ వాసన వస్తే నాకు సలోమి మేడమ్ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

శ్రీకాకుళంలో ఆవిడ దగ్గరే నేను మత్తు వైద్యం నేర్చుకున్నాను. ఆవిడది నరసన్నపేట వైపు బాప్టిస్టు కుటుంబం. మాకు పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు, రోగి మంచం దగ్గరికి రాగానే ఊరి మాటలోకి దిగిపోయేవారు. పూర్తి మత్తు ఇచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. మాస్కుతో గాలి పంపాలి, ఆపైన గొంతులోకి గొట్టం వేయాలి. రెండూ కుదరకపోతే చేతిలో మిగిలేవి నిమిషాలే. అందుకే ఎవరికి కష్టమవుతుందో ముందురోజు సాయంత్రమే వార్డులో పసిగట్టాలనేవారు. నోరెంత తెరుచుకుంటుందో చూడటానికి రోగిని తన వేళ్లు తానే నోట్లో పెట్టుకోమనేవారు, తలెత్తి ఫ్యాను చూడమనేవారు, చివరికి కింది పళ్లతో పై పెదవి కొరకమనేవారు.

ఒక సాయంత్రం అప్పలనాయుడు అనే రైతును చూశాం. పిత్తాశయంలో రాళ్లు. గుండెల మీదికి దిగిన గడ్డం. మంచం పక్కన భార్య. నోరు బాగా తెరిచాడు, తల బాగా పైకెత్తాడు. నేను మనసులోనే టిక్కులు పెట్టుకుంటున్నాను. పెదవి కొరకమంటే మాత్రం పళ్లు అక్కడిదాకా రాలేదు.

"ఏటి మావా, ఇంటిదాని మీద కోపమొచ్చినట్టు కొరుకు" అన్నారు మేడమ్.

"ఎదురుగా ఉంటే కోపమెలగొస్తాది డాక్టరమ్మా?"

"ఇక్కడ కూడా మొదలెట్టీసినాడు" అంది అతని భార్య.

మేడమ్ నవ్వుతూనే గడ్డంలోకి వేళ్లు పోనిచ్చి ఆగారు. నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టారు. "సూడు, ఏటుందో." ఒత్తైన వెంట్రుకల వెనక దవడ చిన్నది, లోపలికి జరిగిపోయింది. చుబుకం ఎముక నుంచి కంఠమణి దాకా మూడు వేళ్లకు మించి చోటుండాలి. నా వేళ్లు రెండే పట్టాయి. పుస్తకంలో చదివింది వేళ్ల కింద దొరికింది.

"గడ్డం గీయించేద్దాం మేడమ్" అన్నాను.

భార్య లేచి నిలబడింది. "అప్పన్న మొక్కు బాబూ. మనవడు జ్వరం తగ్గి ఇంటికొస్తే కొండ మీద ఇస్తామనుకున్నాం. ఇక్కడ గీసీడానికి నేదు."

"పీక కోసినా కొయ్యండి గానీ గడ్డం ముట్టుకోకండి" అన్నాడు అప్పలనాయుడు.

"ఆ పీక కొయ్యకూడదనే మావా నా పాట్లన్నీ" అన్నారు మేడమ్.

వరండాలోకి వచ్చాక నన్నడిగారు: "గీస్తే మాస్కు ఆనుతుంది, సరే. దవడ పెరుగుతుందా?" పెరగదన్నాను. "మెలకువగా ఉండగానే ముక్కులోంచి గొట్టం వేద్దాం. అందాకా ఊపిరి ఆయనే తీసుకుంటాడు. గొట్టం చేరాకే నిద్ర. స్కోపు నువ్వు పట్టు." తిరిగి లోపలికెళ్లి, ఏం చేయబోతున్నామో భార్యాభర్తలిద్దరికీ ఓపిగ్గా చెప్పి ఒప్పించారు.

మర్నాడు అప్పలనాయుణ్ణి బల్ల మీద సగం కూర్చోబెట్టాం. స్ప్రే కొట్టి గొంతు మొద్దుబార్చాం. అవసరమైతే గొంతు దగ్గర కోసి దారి చేయడానికి సర్జన్ గ్లవుసులతో సిద్ధంగా ఉన్నాడు. నేను స్కోపు ముందుకు నెట్టాను. తెర మీద గులాబీ రంగు తప్ప ఏమీ లేదు. ఇంకా నెట్టబోయాను.

"ఆగరా, తొందరేటి? ఆయన్ని పీల్చనీ. మావా, గుండెల నిండా పీల్చు."

అతను పీల్చాడు. తెర మీద రెండు తెల్లని పట్టీలు, స్వరతంతువులు, విడివడ్డాయి, మధ్యలో దారి. నేను చూస్తున్నది ఒక మనిషి ఊపిరి వెళ్లే దారి, అదీ అతను మెలకువతో ఉండగా. స్కోపు మీదుగా గొట్టం లోపలికి జారింది. వదిలే ఊపిరిని చూపే గీత మానిటర్ మీద లేచింది. అప్పుడు మేడమ్ నిద్రమందు ఇచ్చారు.

ఆపరేషన్ అయ్యి, గొట్టం తీశాక అప్పలనాయుడి చెయ్యి ముందు గడ్డం మీదికే పోయింది. "ఉన్నాది మావా, ఎక్కడికీ పోలేదు" అన్నారు మేడమ్.

ఇప్పుడు నా దగ్గర ఇంకా మంచి యంత్రాలున్నాయి. అయినా ముందు వేళ్లతోనే చూస్తాను, రోగి ఊపిరి పీల్చేదాకా ఆగుతాను. తొందరపడబోయిన ప్రతిసారీ ఆ "ఆగరా" వినిపిస్తుంది. ఇందాకే వార్డుకి వెళ్లి రేపటివాళ్ల దవడలు పట్టి చూసి వచ్చాను. మొత్తం ఐదుగురు. గొట్టం వేయడం కష్టమయ్యేలా ఉన్నది ఒకరికి.