దున్నపోతు కూసిన మధ్యాహ్నం

దయ్యాలను నమ్మేంత తీరిక నాకెప్పుడూ లేదు. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఇంటికి పోయి ఇంత సంగటి కెలికేసరికి ఒళ్లు తెలిసేది కాదు. దయ్యం ఎదురొచ్చినా ‘కాస్త పక్కకు జరగమ్మా’ అని దాటిపోయేదాన్నేమో. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు జంకాను.

మాది పుంగనూరు. మదనపల్లె దగ్గర ఒక రైల్వే గేటులో పని చేస్తున్నాను. ఏ గేటో చెప్పను, ఉద్యోగం నిలబెట్టుకోవాలి కదా.

నాకు పని నేర్పినాయన మునస్వామప్ప. ఆయన ఇంజన్లకు జంతువుల పేర్లు పెట్టేవాడు. డబ్బాలు లేకుండా ఒంటరిగా పోయే ఇంజను పుంగనూరావు. మా ఊరి పొట్టి ఆవు మాదిరి ముచ్చటగా ఉంటుందని. నల్లటి పొగ కక్కుతూ బొంగురు గొంతుతో కూసే ఒక పాత డీజిలు ఇంజను దున్నపోతు. కరెంటు తీగలు వచ్చాక తిరుగుతున్న కొత్త ఇంజన్లు పిల్లులు. మీదికి వచ్చేదాకా చప్పుడుండదు. అన్ని పేర్లూ నవ్వుతూ చెప్పేవాడు గానీ, పిల్లి అన్నప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

రైలు బయలుదేరే ముందు స్టేషను నుంచి ఫోను వస్తుంది. మేం గేటు వేసి, తాళం తిప్పి, వేశామనడానికి గుర్తుగా ఒక ప్రైవేటు నంబరు చెప్పాలి. అది చెబితేనే అక్కడ రైలును వదులుతారు. మాలో కొందరం ముందు నంబరు చెప్పేసి, తర్వాత నింపాదిగా లేచి గేటు వేసేవాళ్లం. తప్పే. రైలు రావడానికి ఎలాగూ పది నిమిషాలు పడుతుంది, అంతసేపు ఆగినవాళ్ల తిట్లు ఎవరు పడతారని అలా అలవాటైంది. ఆ కిటుకు కూడా మునస్వామప్ప నేర్పిందే.

పోయిన వేసవిలో మా అమ్మకు ఆపరేషనైంది. రాత్రుళ్లు మదనపల్లె ఆసుపత్రిలో, పగళ్లు గేటులో. నాలుగు రోజులు కంటి మీద కునుకు లేదు. ఐదోరోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఫోను వచ్చింది. నంబరు చెప్పాను. రిజిస్టరులో రాశాను. లేచి గేటు వేద్దామనుకున్నాను. అంతే, స్టూలు మీదే నిద్రపోయాను.

దున్నపోతు కూత విని లేచాను.

ఒక కూత పొడుగ్గా, కాస్త ఆగి ఇంకొకటి బొంగురుగా. ఏళ్ల తరబడి విన్న గొంతు అది, పొరపడను. అది మా లైనులో తిరగడం మానేసి చాలా కాలమైందన్న సంగతి ఆ క్షణాన తోచలేదు. పరుగున పోయి హ్యాండిలు తిప్పాను. పట్టాలెక్కబోతున్న పాల ఆటో ముందు గేటు దిగింది.

“యాడుండాదమ్మా రైలు? యాల ఇంత ముందరే ఏస్తాండావు?” అని ఆటో అతను ఎగిరిపడ్డాడు.

ఆ మాట నోట్లో ఉండగానే పిల్లి దూసుకుపోయింది.

ఆటోలో పాలక్యాన్ల మధ్య ఆరుగురు ఆడవాళ్లు ఉన్నారు. హ్యాండిలు వదలకుండానే వాళ్లను ఒక్కొక్కరినీ మళ్లీ లెక్కపెట్టాను. వాళ్లలో ఒక అవ్వ తల బయటపెట్టి, “ఆ పాత ఇంజను మళ్లీ వచ్చిండాదా అమ్మా? శానా దినాలకు దాని కూత ఇనబడె” అంది. ఆటో అతను మాత్రం తనకేమీ వినబడలేదన్నాడు.

సాయంత్రం స్టేషనుకు ఫోను చేసి, ఇవాళ డీజిలు ఇంజనేదైనా తిరిగిందా అని మాటల్లో మాటగా అడిగాను. లేదన్నారు.

అమ్మ ఇంటికొచ్చాక, సెలవు రోజున బస్సెక్కి కుప్పం పోయాను. మునస్వామప్ప రిటైరై అక్కడే ఉంటున్నాడు. నిద్రపోయిన సంగతీ, కూత సంగతీ చెప్పాను.

“దాన్ని తుక్కుకు కోసేసి శానా కాలమాయ కదమ్మా” అన్నాడు. తర్వాత, “నంబరు ముందే ఇచ్చినావా?” అని అడిగాడు.

తలూపాను. ఆయన చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. “నేర్పింది నేనే కదమ్మా” అని ఏడ్చాడు. అంత పెద్దాయన అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. కూత గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

నిద్రమత్తులో కలగన్నానని సర్దిచెప్పుకుందామని చాలాసార్లు చూశాను. మరి ఆ అవ్వ నిద్రపోలేదు కదా. తుక్కైపోయిన ఇంజను ఎలా కూసిందో నాకు ఈరోజుకీ తెలియదు. అలసిపోయాను, తవ్వుకునే ఓపిక కూడా లేదు.

ఇప్పుడు గేటు వేసి, తాళం పడ్డాకే నంబరు చెబుతున్నాను. బండ్లు చాలాసేపు ఆగిపోతున్నాయి. ఆ పాల ఆటో అతను రోజూ హారన్ మోగించి, నన్నూ మా అమ్మనూ కలిపి తిడతాడు. తిట్టనీ, తిట్టడానికి మనిషి మిగిలాడు కదా అనుకుంటాను.