సాక్షి సంతకం

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలోని ఒక ఆసుపత్రిలో రెసిడెంట్ డాక్టర్‌గా ఉన్నాను. గడ్డల వల్ల గర్భసంచి తీసేయాల్సిన ఒక తెలుగమ్మాయికి ఇంగ్లీషు రాదని, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం తెమ్మని సర్జన్ తెలుగువాణ్ణయిన నన్ను పంపాడు.

"చిన్న ఆపరేషనమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను. పెట్టేసింది.

సాక్షి సంతకం కోసం కాగితం ఫిలిప్పీన్స్ నర్సుకిచ్చాను.

"ఏం తీసేస్తారో ఆమెకి చెప్పారా డాక్టర్?"

"టైమ్ లేదు, సైన్ చెయ్యి" అని కసిరాను.

"ఆమెకి అర్థమయ్యేదాకా చెయ్యను" అంటూ పెన్ను జేబులో పెట్టుకుంది.

ఒళ్ళు మండి, ఏం తీసేస్తారో తెలుసా అని ఆ అమ్మాయినే అడిగాను.

"గడ్డలేగా అన్నయ్యా! అవి పోతే పిల్లలు పుడతారు కదూ?" అంది నవ్వుతూ.

కాగితం చింపేశాను. తెలుగు ఒక్క ముక్క రాని నర్సు అడిగింది, నా అంతట నేను అడగలేదు. ఇప్పటికీ ఎవరైనా "అన్నయ్యా" అంటే నా మీద నాకే రోత పుడుతుంది.